ఫ్యాను తిరిగితే పొగ వేడెక్కుతుందా?

ప్రియమైన రవికి,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన లాగ్ (ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్ పొగ ఎంత వేడిగా ఉందో నమోదు చేసిన చిట్టా) రెండూ చూశాను. రెండో సిలిండర్ పొగ మిగతావాటికంటే వేడిగా ఉందని ఈసీయూలోని (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఇంధనం పట్టికలో చేయి పెట్టబోతున్నావట. కాస్త ఆగు. ఆ అంకెలను నేను ఇంకా నమ్మడం లేదు.

ఎందుకంటావా? రేడియేటర్ ఫ్యాను ఆన్ అయిన చోటు చూడు. నాలుగు సిలిండర్ల రీడింగులూ ఒక్కసారిగా 40 డిగ్రీలు ఎగబాకాయి, ఫ్యాను ఆగగానే దిగిపోయాయి. ఇంజిన్ వేగం మారలేదు, త్రాటిల్ కదల్లేదు. పొగ వేడి కొలిచే, ఉక్కు తొడుగున్న ప్రోబు రెప్పపాటులో అంత వేడెక్కి చల్లారడం జరగని పని. పెరిగింది వేడి కాదు, వోల్టేజి.

ప్రోబు ఇచ్చే చిన్న వోల్టేజిని పెంచి ఈసీయూకు పంపడానికి నువ్వు వాడిన ఏడీ8495 యాంప్లిఫయర్ బోర్డు డిగ్రీకి 5 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తుంది. 40 డిగ్రీలంటే 200 మిల్లీవోల్టులు. దాని ఎర్త్ వైరును ఫ్యాను ఎర్త్ ఉన్న బోల్టుకే బిగించి ఉంటావని నా అనుమానం (ఖాళీ బోల్టు కనిపిస్తే నువ్వు వదలవు కదా!). ఫ్యాను కరెంటంతా ఆ దారినే పోతే అక్కడి 'సున్నా' కాస్త పైకి లేస్తుంది, ఈసీయూ దాన్ని కూడా ఉష్ణోగ్రత కిందే లెక్కేస్తుంది. మల్టీమీటరు ఒక కొసను బోర్డు ఎర్త్ మీద, రెండోదాన్ని ఈసీయూ సెన్సర్ ఎర్త్ మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాను వేయించు. ముల్లు కదిలితే దొంగ దొరికినట్టే. బోర్డు ఎర్త్‌ను తిన్నగా ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కే కలుపు. అప్పటికీ ఆటలాడితే ప్రోబు వైర్లు విప్పి, ఒక్కో వైరుకూ తొడుగుకూ మధ్య నిరోధం కొలిచి చూడు. సున్నాకు దగ్గరగా ఉంటే దాని మొన (రెండు వైర్లూ కలిసే చోటు) లోపల తొడుగుకే అతికి ఉందన్నమాట. అలాంటిది ఇంజిన్ దగ్గర మరో ఎర్త్ దారి తెరుస్తుంది. మొన విడిగా ఉన్న రకం తెచ్చుకోవడమే మేలు.

ఇంకొకటి. ప్రోబు వైరు చాలక మామూలు రాగి వైరు అతికించానని రాశావే, అది చదివి తల పట్టుకున్నాను. నీ ప్రోబులో ఉన్న కె రకం థర్మోకపుల్ (వేడి తేడాను వోల్టేజిగా మార్చే రెండు వేర్వేరు లోహపు తీగల జత) ఇచ్చేదే డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. రాగి అతికిస్తే ఆ కొలత అతుకు దగ్గరే ఆగిపోతుంది, యాంప్లిఫయర్ మాత్రం అది తన దాకా వచ్చిందనుకుని తన దగ్గరి వేడినే కలుపుతుంది. అతుకు బానెట్ కింద 70 డిగ్రీల్లో, యాంప్లిఫయర్ లోపల 30 డిగ్రీల్లో ఉంటే, ఆ తేడా 40 డిగ్రీలూ రీడింగులోంచి మాయమవుతాయి. బండి వేడెక్కేకొద్దీ రీడింగు మెల్లగా జారుతోందన్నావు కదా, కారణం ఇదే కావచ్చు. కె రకం పొడిగింపు వైరే వెయ్యి, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా చూసుకో.

బోర్డు సున్నా డిగ్రీల దగ్గర ఎన్ని వోల్టులిస్తోందో కూడా కొలువు. కొన్ని బోర్డులు అక్కడే 1.25 వోల్టులిస్తాయి. ఈసీయూలో ఆ సంగతి చెప్పకపోతే 250 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అలాంటి బోర్డుకు 5 వోల్టులే ఇస్తే 750 డిగ్రీలు దాటక ముందే రీడింగు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది కూడా. కరుగుతున్న మంచుముక్కల నీళ్లలో ఒకసారి, మరిగే నీళ్లలో ఒకసారి ప్రోబు ముంచి చూడు. మరిగే నీరు సముద్ర మట్టం దగ్గరే 100 డిగ్రీలు, ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుందని మరిచిపోకు.

ఇవన్నీ సరిచేశాక రెండు, మూడు సిలిండర్ల ప్రోబులు అటూ ఇటూ మార్చు. వేడి ప్రోబు వెంట మూడోదానికి వెళ్తే ప్రోబుదో వైరుదో తప్పు. రెండో సిలిండర్ దగ్గరే ఉండిపోతే అప్పుడు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ సంగతి చూద్దాం. జ్వలనం ఆలస్యమైనా పొగ వేడెక్కుతుంది కాబట్టి టైమింగ్ కూడా కలిపి లాగ్ చేసి పంపు. పట్టిక జోలికి మాత్రం అప్పటిదాకా పోకు.

నీ
శీను