స్త్రీల మైత్రి వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షురాలు పాస్టరమ్మగారికి, అయ్యగారికి, పాస్టరేట్ కమిటీ పెద్దలకు, మైత్రి సభ్యులైన అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘ స్త్రీల కూటమి అయిన స్త్రీల మైత్రి చేసిన పనుల నివేదికను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఏడాదంతా మనల్ని నడిపించిన దేవునికి స్తోత్రం.

గురువారం కూడికలు, నెలకోసారి ఉపవాస ప్రార్థన, గృహ ప్రార్థనలు ఎప్పటిలాగే జరిగాయి. నాట్లు, కలుపు రోజుల్లో హాజరు తగ్గింది. కూలికి పోయి వచ్చి, ఇంట్లో వంట ముగించి రావాలంటే ఆలస్యం తప్పదు కాబట్టి ఆ నెలల్లో కూడికను రాత్రి ఎనిమిదికి మార్చాం. వేసవి బైబిలు పాఠశాలలో పిల్లలకు వంట బాధ్యత మన వాళ్లే తీసుకున్నారు. ఎండలు మండిపోతున్నా, పొయ్యి దగ్గర నిలబడిన అక్కలు ఒక్క పూట కూడా మానలేదు. వాళ్లకు ప్రత్యేక వందనాలు. కోత పండుగకు మన మైత్రి తెచ్చిన కానుకలు వేలంలో మంచి ధర పలికాయి. సొర తీగ నుంచి నాటు కోడి దాకా ఏదీ మిగలలేదు.

సెప్టెంబర్ 1న వచ్చిన వాన మీ అందరికీ గుర్తుంది. ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగాయి. మన వైపు కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. కబురు తెలిసిన సాయంత్రమే మన వాళ్లు బియ్యం, చీరలు, దుప్పట్లు పోగు చేశారు. రైలు లేదు కాబట్టి ఆటోల్లో, ట్రాక్టర్‌లో చేరవేశాం. ఆటో కిరాయి తీసుకోని తమ్ముళ్లకు మైత్రి తరఫున కృతజ్ఞతలు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. సాయం జాబితాలో అద్దె ఇళ్లలో ఉన్న కుటుంబాల పేర్లు రాలేదు. ఆ సంగతి చెప్పడానికి సంబంధిత అధికారి దగ్గరికి మన ప్రతినిధులు వెళితే రేపు రమ్మన్నారు, మళ్లీ వెళితే మరో టేబుల్ చూపించారు. బురద కడుక్కుంటున్న ఆడవాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పడం న్యాయం కాదు. మన చేతిలో ఉన్నంతవరకు ఆ కుటుంబాలకు గిన్నెలు, బియ్యం మనమే ఇచ్చాం.

ఈ ఏడాది మైత్రి చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గర్వంగా ఉన్నది జనవరిలో జరిపిన జ్ఞాపకాల సభ. ఎపిఫనీ పండుగ తర్వాతి శనివారం పెట్టుకున్నాం. డోర్నకల్ కెతీడ్రల్‌ను ప్రతిష్ఠించింది 1939 జనవరి 6న, అదే పండుగ రోజున కాబట్టి, ఆ వారమైతే బాగుంటుందని పాస్టరమ్మగారు సలహా ఇచ్చారు. మన మాజీ అధ్యక్షురాలు, మనమంతా పెద్ద టీచరమ్మగారు అని పిలుచుకునే అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చూసినవి, చేసినవి ఆమె నోటితోనే విన్నాం. పాత మినిట్స్ పుస్తకాలు చాలావరకు చెదలు తినేశాయి. ఇక మిగిలిన పుస్తకం ఆ అమ్మగారే. మధ్యాహ్నం భోజనాలకు కూడా లేవకుండా జనం విన్నారు. వెనక వరుసలో నిలబడి విన్న మగవాళ్లు కూడా ఉన్నారు.

అమ్మగారు మొదలుపెట్టింది వాళ్లమ్మ వంటింటి నుంచి. పొయ్యి మీద ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేదట ఆ తల్లి. పొద్దున వండినా, రాత్రి వండినా ముందు ఆ పిడికెడు తీయాల్సిందే. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకుని వచ్చి గుడిలో గంపలో పోసేవాళ్లు. అలా పోగైన గింజలే ఊళ్లో వాక్యం, చదువు చెప్పే ఉపదేశికి జీతం, బడికి చాప, దీపానికి నూనె. బియ్యం లేని నెలల్లో, ఇంట్లో జొన్న గటకతో గడిచే రోజుల్లో, జొన్నలే పిడికెడు తీసేవారట. మాకే లేదు, దేవుడికేం పెడతాం అన్న మాట మా అమ్మ నోట నేను వినలేదు అని అమ్మగారు చెప్పినప్పుడు ముందు వరుసలో పెద్దవాళ్లు తలలూపారు. వాళ్లూ ఆ ముంతలు చూసినవాళ్లే.

బిషప్ అజరయ్యగారు 1912లో డోర్నకల్ అధ్యక్షులయ్యారని, ఆంగ్లికన్ సంఘంలో మన దేశస్థుల్లో మొదటి బిషప్ ఆయనేనని మనకు సండే స్కూల్లోనే చెబుతారు. బీదల సంఘం కూడా తన కాళ్ల మీద తాను నిలబడాలని ఆయన పట్టుబట్టారు. ఆ పట్టుదల పల్లెల్లో నిజమైంది ఆడవాళ్ల చేతుల మీదుగానే అని అమ్మగారు గట్టిగా అన్నారు. ఆయన సతీమణి అన్బు అమ్మగారు ఉపదేశుల భార్యలకు కూడా చదువు, కుట్టు, పిల్లల పెంపకం నేర్పించేవారు. అలా నేర్చుకుని భర్తతో పాటు పల్లెకు వెళ్లిన ఉపదేశి భార్య అక్కడ ఇంకో బడి నడిపేది. గుడి గోడల మీద రాళ్లపై బిషప్పుల పేర్లు, పాదిరిగార్ల పేర్లు, దాతల పేర్లు ఉన్నాయి. పిడికెడు తీసిన వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. అమ్మగారు ఆ మాట కోపంతో అనలేదు గానీ, వింటున్న నాకు మాత్రం కోపం వచ్చింది.

తర్వాత బైబిలు స్త్రీల సంగతి. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. తెల్ల చీర, భుజాన సంచి, సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకం, గజ్జికి పూసే మందు. పల్లె నుంచి పల్లెకు నడిచి, ఆడవాళ్లు పొలం నుంచి వచ్చేదాకా ఆగి, రాత్రి లాంతరు పెట్టి చదువు చెప్పేవారు. పలకలు లేని చోట ఇసుకలో వేలితో రాయించేవారట. అమ్మగారి తల్లి అక్షరాలు నేర్చుకున్నది అలాగే. పెళ్లై, పిల్లలు పుట్టాక నేర్చుకుంది. మొదటిసారి సొంతంగా కీర్తన చదివిన రాత్రి ఆ తల్లి పక్కింటివాళ్లను లేపి మరీ చదివి వినిపించిందట. కాన్పు కష్టమైనా, చావు ఇల్లైనా, మొగుడు కొట్టినా, కబురు ముందు వెళ్లేది బైబిలు స్త్రీకే. ఆమెకు వచ్చే జీతం చాలా కొద్ది. ఆమె చెప్పిన వాక్యం విని కూడుకున్న సంఘాల్లోనే ఈనాడు మనం సభ్యులం.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక వచ్చిన స్త్రీల మైత్రిలోకి అమ్మగారు కొత్త కోడలిగా చేరారు. అప్పటికి ఆంగ్లికన్ స్త్రీల పాత కూటమి మదర్స్ యూనియన్ సభ్యులు ఇంకా ఉన్నారు, వాళ్లే ఆమెకు పని నేర్పారు. కూడికకు పంపమని ఇంటింటికీ తిరిగి అత్తలను బతిమాలేవారట. ఆదివారం ఆరాధనలో ఒక స్త్రీ లేచి బైబిలు పాఠం చదివిన మొదటి రోజున ఒక పెద్దమనిషి లేచి బయటికి వెళ్లిపోయారు. చదివింది మన అమ్మగారే. ఆగలేదు, పాఠం చివరిదాకా చదివి కూర్చున్నారు. తర్వాతి నెల మళ్లీ చదివారు. 2013లో నంద్యాల అధ్యక్ష ఖండానికి, అంటే డయోసీసుకు, ఎగ్గోని పుష్పలలితగారు మన సంఘంలో మొదటి మహిళా బిషప్‌గా అభిషేకం పొందిన రోజున అమ్మగారు ఇంట్లో పాయసం వండి వీధంతా పంచారని పక్కింటి అక్క సభలో చెప్పింది.

1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మన మైత్రి చీరలు మూటలు కట్టి పంపింది. కట్టుకున్నవి కాక ఇంకో చీర ఉన్న ప్రతి ఇల్లాలూ ఒకటి ఇచ్చిందట. చిరిగినవి పంపొద్దని, మనం గుడికి కట్టుకొచ్చే చీరే ఇవ్వాలని అప్పటి అధ్యక్షురాలు ముందే చెప్పారట. మొన్న మున్నేరు వరదకు చీరలు పోగుచేసేటప్పుడు మనవాళ్లు పాటించిన నియమం అదే, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఈ సభలో తెలిసింది.

సారా ఉద్యమం గురించి అమ్మగారు చాలాసేపు మాట్లాడారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు, తోటి ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం కబురు మన వైపు వచ్చేసరికి మైత్రి స్త్రీలు కూడా సారా దుకాణం ముందు కూర్చున్నారు. కులం, మతం చూడలేదు. మనవాళ్లు కీర్తనలు, మిగతావాళ్లు బతుకమ్మ పాటలు, ఒకరి తర్వాత ఒకరు రాత్రంతా పాడారు. దుకాణంలోకి వెళ్లబోయిన వాళ్లలో సంఘ సభ్యులూ ఉన్నారు, వాళ్ల భార్యలు బయట కూర్చుని ఉన్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత బెల్టు షాపులు వచ్చాయి కదా అని ఒక అమ్మాయి అడిగింది. వచ్చాయి, అయితే మళ్లీ కూర్చోవాల్సింది మీరు, నా మోకాళ్లు సహకరించవు అన్నారు అమ్మగారు. ఈ మాటను మైత్రి సీరియస్‌గా తీసుకోవాలని నా మనవి. వచ్చే ఏడాది కార్యక్రమంలో దీన్ని చేర్చమని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను.

మార్చి 7న ప్రపంచ ప్రార్థనా దినం జరుపుకున్నాం. 1927 నుంచి దేశదేశాల స్త్రీలు ఒకే రోజున చేస్తున్న ప్రార్థన ఇది. ఈసారి ఆరాధన క్రమాన్ని పసిఫిక్ సముద్రంలోని కుక్ దీవుల స్త్రీలు రాశారు. ఆధారం 139వ కీర్తన 14వ వచనం. చుట్టుపక్కల ఇతర సంఘాల అక్కలను కూడా పిలిచాం, వచ్చిన వాళ్లందరికీ వందనాలు. కానుక పూర్తిగా జమ చేశాం.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. పుస్తకాలు ఆడిట్ అయ్యాయి, అభ్యంతరాలు లేవు. వరద సాయానికి తీసినందువల్ల నిల్వ తగ్గింది. చందా బాకీ ఉన్నవాళ్లు ఈ రోజే కడితే మంచిది.

జ్ఞాపకాల సభ రికార్డింగ్ సంగతి మాత్రం బాధతో చెబుతున్నాను. అమ్మగారి మాటలు ఫోన్లలో రికార్డు అయ్యాయి. వాటిని విని రాసి, చిన్న పుస్తకంగా వేయాలని సభలోనే నిర్ణయించాం. డిగ్రీ చదివిన అమ్మాయిలు చాలామంది ఉత్సాహంగా చేతులెత్తి పేర్లు ఇచ్చారు. మొదటి రోజు వచ్చి ఫోటోలు దిగారు. ఆ తర్వాత పరీక్షలన్నారు, పెళ్లిళ్లన్నారు, ఫోన్ ఎత్తలేదు. ఇప్పటివరకు రాసిందంతా ఇద్దరు అక్కలే, ఒకరు అంగన్‌వాడీ డ్యూటీ ముగించుకుని వచ్చి, ఇంకొకరు కళ్లజోడు అతికించుకుని. మీకు టైం లేకపోతే లేదని చెప్పండి, పేరు ఇచ్చి ఎదురుచూసేలా చేయకండి. ఇంకా సగానికి పైగా మిగిలింది. అమ్మగారితో పాటు మరో నలుగురు పెద్దవాళ్ల దగ్గర కూడా వినాల్సింది ఉంది. అందరూ ఎనభై దాటినవాళ్లే.

ఈ ఏడాది మనకు అండగా నిలిచిన అయ్యగారికి, పాస్టరమ్మగారికి, హాలు ఇచ్చిన కమిటీకి, మైక్ సెట్ ఉచితంగా పెట్టిన యూత్ తమ్ముళ్లకు, జ్ఞాపకాల సభకు భోజనం పెట్టించిన కుటుంబానికి, గంటల తరబడి ఓపికగా మాట్లాడిన పెద్ద టీచరమ్మగారికి, ఆమెను ఆటోలో తీసుకొచ్చి దించిన మనవడికి, రాసే పని విడవని ఆ ఇద్దరు అక్కలకు మైత్రి తరఫున కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. ఎవరినైనా చెప్పడం మిగిలిపోతే సభలో లేచి గుర్తు చేయండి, మినిట్స్‌లో చేరుస్తాను.

రాసే పనికి వచ్చేవాళ్లు వచ్చే గురువారం కూడిక అయ్యాక వెస్ట్రీలో, అంటే గుడి గదిలో, కలవాలి. ఇయర్‌ఫోన్ తెచ్చుకోండి, నోట్ పుస్తకాలు మైత్రి ఇస్తుంది. ఈ నివేదికను, బెల్టు షాపుల మీద తీర్మానాన్ని సభ ఆమోదం కోసం సమర్పిస్తున్నాను.

ప్రభువు సేవలో,
కార్యదర్శి, స్త్రీల మైత్రి