క్రౌను పినియను సెట్టింగ్ ఐటీఐల్లో నేర్పించండి

సంపాదకులకు నమస్కారం.

సొంతంగా రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టుకున్న కుర్రాడి గురించి మీ ఆదివారం పేజీలో చదివాను. ఫొటో చూసి చాలా సంతోషం వేసింది. కానీ అందులో ‘డిఫరెన్షియల్ మార్చడంతో ఇంజను పవర్ పెరిగింది’ అని రాశారు. అది తప్పు. డిఫరెన్షియల్ అంటే మా లాంటి బండిలో వెనక ఇరుసు మధ్య ఉండి, ఇంజను తిప్పుడుని చక్రాలకి అందించే పళ్ల చక్రాల సెట్టు. ఆ మాట నమ్మి ఇంకో పదిమంది పిల్లలు పాత సామాను షాపులకి పరుగెత్తుతారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేనూ అలాంటి కారు కట్టాను. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో రిటైరయ్యాక, మా పెరట్లో రేకుల షెడ్డు కింద, మా అబ్బాయితో కలిసి నాలుగేళ్లు పనిచేశాను. ఫ్రేము చదరపు పైపులతో మేమే వెల్డింగ్ చేసుకున్నాం. ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఉండే వెనక హౌసింగు పాత అంబాసిడర్‌వి. లారీ కాటా మీద పెడితే 640 కిలోలు తూగింది. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రోడ్డెక్కించం. భోగాపురం దగ్గర మా బావమరిది వాళ్ల లేఅవుట్‌లో, ఇంకా ఇళ్లు లేవని గేటు వేసుకుని నడుపుతాం.

మొదటి రోజే ఇంజను గోల పెట్టింది. 80 అందుకునేసరికి చెవులు చిల్లులు పడేవి. హౌసింగు విప్పి పళ్లు లెక్కపెడితే, పెద్ద పళ్ల చక్రమైన క్రౌనుకి 41, దాన్ని తిప్పే చిన్న చక్రమైన పినియనుకి 9. అంటే చక్రం ఒకసారి తిరగాలంటే, గేర్‌బాక్సు నుంచి పినియనుకి వచ్చే జాయింట్ షాఫ్టు నాలుగున్నర సార్లకి పైగా తిరగాలి. టన్నుకి పైన బరువుండి, ఇంటిల్లిపాదినీ మోసే బండికి అది సరిగ్గా సరిపోతుంది. మా తేలిక బండికి అంత అక్కర్లేదు. 43, 11 పళ్ల సెట్టు వేశాక, టాప్ గేరులో 80 దగ్గర నిమిషానికి 3200 సార్లు తిరిగే ఇంజను 2750కి దిగింది. పవర్ ఇసుమంత కూడా పెరగలేదు. పైగా చక్రాన్ని తిప్పే బలం వందకి పద్నాలుగు పాళ్లు తగ్గింది. బండి తేలిక కాబట్టి మాకు ఆ లోటు తెలియలేదు. అదే పని బరువైన బండికి చేసి సాలూరు దాటి ఘాట్ ఎక్కిస్తే, ప్రతి మలుపులోనూ తెలుస్తుంది.

ఇంకో సంగతి మీ వ్యాసంలో అసలు లేదు. మా బండిలో స్పీడోమీటరు కేబుల్ గేర్‌బాక్సు నుంచి వస్తుంది. వెనక పళ్లు మారినట్టు దానికి తెలియదు. మీటరు 60 చూపిస్తుంటే బండి 70లో పోతోంది. ఫోన్లో జీపీఎస్ పెట్టి చూసుకున్నాక నాకు చెమటలు పట్టాయి. మీటరు సరిచేసేదాకా అబ్బాయికి స్టీరింగ్ ఇవ్వలేదు.

అసలు బాధ వేరే ఉంది. ఆ 43, 11 సెట్టు మొదటిసారి వేయించిన చోట, ఒక హౌసింగులోని క్రౌను, ఇంకో హౌసింగులోని పినియను కలిపి బిగించేశారు. పళ్ల లెక్క సరిపోయింది కదా అన్నారు. పళ్లు కోయించే చదువు చెప్పిన నేను కూడా విప్పి చూసుకోలేదు. నెల తిరక్కుండానే కూత మొదలైంది. నూనె దించితే ఇనుప రజను, అందులో గోరంత పంటి ముక్క.

అప్పుడు సాలూరు వెళ్లాను. తరాలుగా లారీల మీద బతికిన ఊరది. అక్కడ డెబ్బై దాటిన ఒక మేస్త్రి క్రౌను చేతిలోకి తీసుకుని, అంచు గుడ్డతో తుడిచి, ‘మాస్టారూ, దీని నంబరేటి, దాని నంబరేటి? ఇవి జత కాదండి’ అన్నారు. రెండూ కలిపి అరగదీసి జతగా చేస్తారనీ, ఒకటి పోతే రెండూ మార్చాలనీ క్లాసులో నేనే చెప్పేవాణ్ణి. కొత్త జత దొరికాక ఆయన సెట్ చేసిన తీరు దగ్గర కూర్చుని చూశాను. సిందూరం నూనెలో రంగరించి నాలుగైదు పళ్లకి పల్చగా పూశారు. క్రౌనుని చేత్తో అదిమిపట్టి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూశారు. పంటి పైఅంచున పడితే విప్పి, పినియను వెనక ఇంకో పల్చటి షిమ్ము, అంటే రేకు బిళ్ల, వేసి, మళ్లీ బిగించి, మళ్లీ పూత. అలా ఐదుసార్లు. చివరికి అచ్చు పంటి నడిమధ్య చింతగింజంత పడింది. అప్పుడు మాత్రమే సన్నటి సందులు కొలిచే డయల్ గేజీ పెట్టి పళ్ల మధ్య సందు చూశారు. బండికి ఇప్పుడు కూత లేదు.

ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లు ఎవరూ లేరు. ఈ రోజుల్లో చిన్న కార్లు చాలావరకు ముందు చక్రాలతో లాగేవే. వాటిలో డిఫరెన్షియల్ గేర్‌బాక్సులోనే కలిసి ఉంటుంది, కుర్ర మెకానిక్కులకి క్రౌను పినియను విప్పే పనే పడదు. కానీ లారీలు, జీపులు ఎక్కడికీ పోలేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఐటీఐల్లో మోటార్ మెకానిక్ పిల్లలకి ఒక పాత హౌసింగు బల్ల మీద బిగించి ఇవ్వాలి. సాలూరు మేస్త్రీలని నెలకి రెండు రోజులు పిలిచి, రానుపోను ఖర్చులూ గౌరవంగా కూలీ ఇచ్చి, వాళ్లచేత నేర్పించాలి. దీని మీద మీ పత్రిక ఒక వ్యాసం వేయాలని నా కోరిక.

పంటి ముక్క ఊడిన ఆ క్రౌను, దానికి జత కాని పినియను నా దగ్గరే ఉన్నాయి. తుప్పు పట్టకుండా గ్రీసు రాసి దాచాను. ఏ ఐటీఐ వాళ్లు అడిగినా నేనే పట్టుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్,
కంటోన్మెంట్, విజయనగరం