లైవ్ ప్రాజెక్టుల గురించి ఒక మాట

అందరికీ నమస్కారం. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, డిగ్రీ అయ్యి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి.

రెజ్యూమెలో ఇంకో సర్టిఫికెట్ చేర్చే ముందు, నిజంగా నడుస్తున్న ఒక వ్యాపారం కోసం చిన్న పనైనా పూర్తి చేసి చూడండి. లైవ్ ప్రాజెక్ట్ అంటే ఇదే. కాలేజీ ప్రాజెక్టులో డేటా శుభ్రంగా చేతికొస్తుంది, ప్రశ్న మారదు. బయట అలా ఉండదు. అమ్మకాలు ఎందుకు తగ్గాయో చూడమంటారు. లెక్కలేమో మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటాయి. సగం పనయ్యాక, కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారని, పాత కస్టమర్లే తిరిగి రావడం లేదని తెలుస్తుంది. ఆ గందరగోళంలో సరైన ప్రశ్న అడగడం, పని ఆలస్యమయ్యేలా ఉంటే ముందే చెప్పడం అలవాటైతే ఇంటర్వ్యూ టెన్షన్ చాలా తగ్గుతుంది. చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది కదా.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1906లోనే అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే అధ్యాపకుడు ఇంజనీరింగ్ విద్యార్థులకి తరగతి చదువునీ కంపెనీలో పనినీ మార్చి మార్చి చేయించడం మొదలుపెట్టారు.

ఒక జాగ్రత్త. ఏం చేసివ్వాలి, ఎప్పటిలోగా, ఎవరు ఫీడ్‌బ్యాక్ ఇస్తారు అన్నది ముందే రాతలో తీసుకోండి. ఉద్యోగి చేయాల్సిన రోజువారీ పనిని ప్రాజెక్ట్ పేరుతో ఉచితంగా చేయించుకునేవాళ్లూ ఉంటారు, అలాంటివి ఒప్పుకోకండి. అనుమతి లేకుండా ఆ వ్యాపారం లెక్కలు మీ పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనులు చూపించే చోట) పెట్టకండి.

ఆసక్తి ఉన్నవాళ్లు మీకు ఏ పని చేయడం వచ్చో, వారానికి ఎన్ని గంటలు కేటాయించగలరో ఆదివారంలోగా ఇక్కడే రాయండి. నలుగురేసి జట్లుగా మొదలుపెడదాం.