రశీదు ఉంటే అమ్మకమైపోతుందా?

సంపాదకుడు గారికి,

నాజీల కాలంలో యూదులు పోగొట్టుకున్న చిత్రాల గురించి మన పత్రికల్లో ఎప్పుడు రాసినా ‘దోచుకున్న కళాఖండం’ అనే మాటే వాడుతున్నారు. చదివేవారికి గోడ మీది పటం ఊడబెరుక్కుపోయే సైనికుడే కళ్లకు కడతాడు. కానీ చాలా వివాదాల్లో అమ్మకపు కాగితం ఉంటుంది. ‘డబ్బు తీసుకుని ఇప్పుడు అడగడమేమిటి?’ అన్న అపోహకు మూలం అదే.

జర్మనీకి చెందిన యూదు మహిళ లిలీ కాసిరర్ సంగతే చూడండి. 1939లో జర్మనీ దాటడానికి అనుమతి కోసం ఫ్రెంచ్ చిత్రకారుడు పిస్సారో గీసిన పారిస్ వీధి చిత్రాన్ని 900 మార్కులకు వదులుకుంది. ఆ డబ్బు కూడా ఆమె తీసుకునే వీల్లేని ఖాతాలో వేశారు. డ్యూసెల్‌డార్ఫ్ నగరంలోని యూదు చిత్రాల వ్యాపారి మాక్స్ స్టెర్న్‌దీ ఇదే కథ. 1937 నవంబరులో ఆయన గ్యాలరీలోని 200కు పైగా చిత్రాలను కొలోన్‌లో బలవంతంగా వేలం వేయించారు. అందులో ఒకటి ఆయన ఎస్టేటుకే, అంటే ఆయన వదిలివెళ్లిన ఆస్తికే, చెందుతుందని 2008లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది.

ఇలాంటి అమ్మకాలను తూచడానికి పద్ధతి 1947లోనే ఉంది. యుద్ధం తర్వాత జర్మనీలో అమెరికా సైన్యం ఆధీనంలో ఉన్న ప్రాంతంలో తెచ్చిన 59వ నంబరు చట్టం ప్రకారం, 1933 జనవరి 30 నుంచి 1945 మే 8 వరకు పీడితులు చేసిన అమ్మకం బలవంతపుదేనని ముందుగా భావించాలి. కాదనేవారు న్యాయమైన ధర ఇచ్చామని, ఆ సొమ్ము అమ్మినవారు స్వేచ్ఛగా వాడుకోగలిగారని చూపాలి. 1935 సెప్టెంబరు 15 తర్వాతి అమ్మకాలకు నిబంధన మరింత కఠినం. రుజువు భారం కొన్నవారిదే, అదీ న్యాయం. అయితే దరఖాస్తుల గడువు 1948 డిసెంబరు 31తో ముగిసింది. చిత్రం ఎక్కడుందో తెలియనివారు ఏం చేయగలరు?

నాజీలు లాక్కున్న కళాఖండాల విషయంలో 1998లో 44 దేశాలు ఒప్పుకున్న వాషింగ్టన్ సూత్రాల్లో ‘జప్తు’ అనే మాటే ఉంది, పైగా వాటికి చట్టబలం లేదు. బలవంతపు అమ్మకాలూ అందులోకే వస్తాయని స్పష్టంగా రాసుకోవడానికి 2024 మార్చి దాకా పట్టింది.

పోయిన చిత్రాన్ని వెతకడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. చిత్రం పేరు చేతులు మారేకొద్దీ మారిపోతుంది. పిస్సారో ఒకే హోటల్ కిటికీలోంచి ఆ చుట్టుపక్కల వీధులను పదేపదే గీశాడు కాబట్టి పేరు చూసి పోల్చితే తప్పుతుంది. కొలతలు, వెనక అంటించిన చీటీలు, ముద్రలు, సుద్దతో రాసిన అంకెలు చూడాలి. చట్రం మార్చినప్పుడు, వెనక కొత్త గుడ్డ అతికినప్పుడు ఇవే ముందు పోతాయి. అందుకే మరమ్మతుకు ముందే వెనకవైపు ఫొటో తీయాలి. కాసిరర్ చిత్రం వెనక బెర్లిన్‌లోని ఆ కుటుంబ గ్యాలరీ చీటీ ముక్క చిరిగి మిగిలే ఉంది. అయినా అది మాడ్రిడ్‌లోని థైసెన్ మ్యూజియం చేరింది. 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు, చిత్రం తిరిగి ఇమ్మని కాసిరర్ వారసులు వేసిన కేసును మళ్లీ కింది కోర్టుకు పంపింది.

దయచేసి ఇకపై ఇలాంటి వార్తల్లో చిత్రం ఎన్ని కోట్లు పలుకుతుందన్నదానికంటే ముందు అమ్మిన తేదీ, ఇచ్చిన ధర, ఆ డబ్బు ఎవరి చేతికి చేరిందన్న వివరం రాయించండి.

– ఒక పాఠకుడు, విజయవాడ