ఒక్క ప్రశ్నకు జవాబు కోసం రెండున్నర నెలలు

సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర
2025 జూన్ 28

పర్యాటక సంస్థ వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మా దంపతుల అండమాను ప్రయాణం గురించి రెండున్నర నెలలుగా మీరు జవాబు ఇవ్వకపోవడం.

ఆర్యా,

మీ ప్రకటన తెలుగులో వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ బడిలో మరాఠీలో పాఠాలు చెప్పినవాణ్ణి. కావాలంటే ఆ భాషలోనూ రాయగలను. కానీ "మీ భాషలో మీతో మాట్లాడతాం" అని అచ్చు వేయించుకున్నది మీరే. ఫోనులో తెలుగు కోసం నాలుగు నొక్కమంటే నొక్కాను. పదిహేడు సార్లు నొక్కితే పదమూడు సార్లు హిందీలో పలికారు. మిగిలిన నాలుగు సార్లు తెలుగులోనే మాట్లాడారు గానీ, అడిగినదానికి జవాబు మాత్రం ఆ తెలుగులోనూ రాలేదు.

ఇది డబ్బు గొడవ అనుకుని పక్కన పడేయకండి. డబ్బు సంగతీ ఉంది, దానికి తర్వాత వస్తాను. ముందు నా బాధ వినండి.

మేము మీకు కొత్తవాళ్లం కాదు. 2009లో కాశీ, గయ మీతోనే వెళ్లాం. 2013లో ఉజ్జయిని, 2017లో హరిద్వార్, 2022లో మళ్లీ కాశీ. నాలుగు సార్లూ డబ్బు ఒక్క రోజు ఆలస్యం కాకుండా కట్టాను. మా వీధిలో ఆరు కుటుంబాలను మీ దగ్గరికి పంపాను. ఎవరు అడిగినా, నమ్మకస్తులు, కళ్లు మూసుకుని వెళ్లండి అని చెప్పాను. ఈ రోజు వాళ్లకు ముఖం చూపించలేకపోతున్నాను.

ఈ ఆగస్టుకు మా పెళ్లయి ముప్పై ఏళ్లు. నా భార్య పుట్టింది ప్రాణహిత ఒడ్డున, మెట్టినదీ ప్రాణహిత ఒడ్డునే. వంతెన లేని రోజుల్లో పడవెక్కి కాళేశ్వరం వెళ్లి దండం పెట్టుకుని వచ్చేది. నది ఎండినప్పుడూ చూసింది, 2022 జూలైలో ఊళ్లోకి పొంగి వచ్చినప్పుడూ చూసింది. సముద్రం మాత్రం చూడలేదు. టీవీలో చూసి, "ఆ నీళ్లలో నిలబడితే కాళ్ల వేళ్లు కనిపిస్తాయట కదా" అని అడిగింది. మా నదిలో మోకాలి లోతు దిగితే పాదం కనిపించదు. ఆ ఒక్క మాట కోసం అండమాను అనుకున్నాను. నాకూ ఒక కోరిక ఉంది. 1906లో కట్టడం పూర్తయిన సెల్యులార్ జైలు గురించి, ఏడు రెక్కలతో కట్టిన ఆ భవనంలో ఇప్పుడు మూడే మిగిలాయన్న సంగతి గురించి ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు. ఒక్కసారి ఆ గోడను చేత్తో ముట్టుకోవాలని ఉంది.

ఏప్రిల్ 3న ఫోను చేశాను. మా ఇంట్లో సిగ్నల్ అందదు, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితేనే మాట వినిపిస్తుంది. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కొత్త దంపతులా అని అడిగింది. కాదమ్మా, నాకు యాభై తొమ్మిదేళ్లు, ఆమెకు మోకాళ్ల నొప్పులు అన్నాను. అయినా మంచం మీద పూలు, కేకు, కొవ్వొత్తుల వెలుగులో భోజనం ఉన్న ప్యాకేజీయే చదివింది. ఆగస్టులో వానలు కదా అని నేనే అడిగాను. అరగంట జల్లు పడి ఆగిపోతుంది సార్, అందుకే తగ్గింపు ధర కూడా ఉంది అంది. ఇద్దరికీ తొంభై ఆరు వేలు. ముప్పై వేలు బయానాగా ఆ రోజే కట్టాను. నాలుగు ప్రయాణాల నమ్మకం మీద కట్టాను.

నైరుతి ఋతుపవనాలు మన దేశంలో అందరికంటే ముందు పలకరించేది అండమానునే. జూన్ 1 ప్రాంతంలో కేరళ చేరకముందే, మే నెలలోనే అక్కడ అడుగుపెడతాయి. ఈ సంగతి పిల్లలకు బల్ల గుద్ది చెప్పినవాణ్ణి, ఆ అమ్మాయి మాటకు ఎందుకు తలూపానా అని ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు అక్కడ రోడ్డు పనుల్లో ఉన్నాడు. వాడికి చెబితే, "సార్, ఆగస్టులో సముద్రం మొరటుగా ఉంటుంది, ద్వీపాల మధ్య తిరిగే పడవలు ఒక్కోసారి ఆపేస్తారు, నీళ్లలో దిగనివ్వరు, అమ్మగారికి కాళ్లు కనిపించే నీళ్లు కావాలంటే సంక్రాంతి తర్వాత రండి" అన్నాడు.

ఏప్రిల్ 11న మీకు మళ్లీ ఫోను చేసి ఒక్కటే ప్రశ్న అడిగాను. నెల మార్చుకోవాలా, చోటు మార్చుకోవాలా? మీరు ఈ పనిలో ఉన్నవారు, మాకంటే మీకు బాగా తెలుసు, ఏది మంచిదో చెప్పండి అన్నాను. ఆ ప్రశ్నకు ఈ రోజు వరకు జవాబు లేదు.

జరిగినదంతా పాత హాజరు పట్టీలో తేదీ, గంట వేసి రాసిపెట్టుకున్నాను. అందులోంచి కొన్ని చెబుతాను.

ఏప్రిల్ 11న మాట్లాడిన ఆయన మాల్దీవులు తీసుకోండి అన్నాడు. అక్కడా మే నుంచి అక్టోబరు వరకు అదే నైరుతి గాలి. పైగా మాకు పాస్‌పోర్టులు లేవని రెండుసార్లు చెప్పాను. ఏప్రిల్ 19న ఇంకొకాయన థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ అన్నాడు. అదీ అండమాను సముద్రపు ఒడ్డే, ఆగస్టులో అక్కడా వానే. ఆ సంగతి చెబితే నలభై రెండు నిమిషాలు పాట వినిపించి లైను తెంచేశాడు. నా భార్య స్టీలు గ్లాసులో టీ తెచ్చి నా పక్కనే నిలబడింది. మీ పాట అయ్యేసరికి టీ మీద మీగడ కట్టింది. "ఏమన్నారు?" అని అడిగింది. ఏమని చెప్పను?

మే 2న జరిగింది వింటే మీకే సిగ్గనిపించాలి. అసలు మా ప్యాకేజీలో స్వరాజ్ ద్వీప్ ఉందా అని అడిగాను. "లేదు సార్, మీకు హేవ్‌లాక్ ఉంది, స్వరాజ్ ద్వీప్ కావాలంటే అదనంగా కట్టాలి" అంది ఆ అమ్మాయి. అమ్మా, ఆ రెండూ ఒకటే ద్వీపం, 2018 డిసెంబరులో పేరు మారింది అన్నాను. కంప్యూటర్‌లో వేరుగా చూపిస్తోంది సార్ అంది. పోర్ట్ బ్లెయిర్ నిరుడు సెప్టెంబరులో శ్రీ విజయపురం అయిందని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెబితే దానికీ అదనంగా కట్టమనేదేమో. తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకుని మళ్లీ ఫోను చేస్తాను అనడానికి ఎంతసేపు పడుతుంది?

మే 14న ఫిర్యాదు నమోదు చేయమంటే పది అంకెల నంబరు ఇచ్చారు. పెళ్లి పత్రికలో ముహూర్తం రాసినంత జాగ్రత్తగా రాసుకున్నాను. మే 17న నా ఫోనుకు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, ధన్యవాదాలు అని. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇన్నేళ్లు బడిలో పనిచేసినా, రాయని పరీక్షకు మార్కులు వేసిన ఉపాధ్యాయుణ్ణి నేను చూడలేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ సందేశమే. లైను తెంచినందుకు కూడా నాకింత కోపం రాలేదు.

జూన్ 9న స్వయంగా వచ్చాను. తెల్లవారుజామున బయలుదేరి కాళేశ్వరం, భూపాలపల్లి, వరంగల్ మీదుగా బస్సులు మారి హైదరాబాదులోని మీ కార్యాలయానికి వచ్చాను. కాపలా మనిషి టోకెన్ ఇచ్చాడు, అరవై మూడు. గోడ నిండా నీలి సముద్రం బొమ్మ, దాని కింద నేను రెండున్నర గంటలు కూర్చున్నాను. నా వంతు వచ్చాక ఒక యువకుడు నా కాగితాలు తిప్పి చూడకుండానే ఈ విషయం యాప్‌లో పెట్టాలి సార్ అన్నాడు. మనిషినే వచ్చాను కదా బాబూ అన్నాను. మేనేజర్ గారు మీటింగులో ఉన్నారన్నాడు. మీటింగు అయ్యేదాకా కూర్చుంటాను అంటే, ఆయన ఈ రోజు రాలేదన్నాడు. రెండు మాటల మధ్య ఒక్క నిమిషం కూడా లేదు. చివరికి నెల మార్చుకోవాలంటే బయానాలో సగం పోతుందని చెప్పాడు. రాత్రి బస్సులో ఇంటికి చేరేసరికి తెల్లారింది.

మీరు చేయవలసిన పని నేనే చేసుకున్నాను. ఆగస్టులో వాన తక్కువగా ఉండే చోట్లు లేకపోలేదు. బాలి ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడిగానే ఉంటుంది. శ్రీలంక పడమటి తీరంలో వాన పడే రోజుల్లో తూర్పున ట్రింకోమలీ వైపు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఇవేవీ మీలో ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మాకు పాస్‌పోర్టు లేదు కాబట్టి అవి మాకు పనికిరావు సరే, ఉన్నవాళ్లకైనా చెబుతున్నారా? లక్షద్వీప్‌కు ముందుగా అనుమతిపత్రం తీసుకోవాలి, ఆమె మోకాళ్లతో చిన్న పడవల్లోకి దిగి ఎక్కడం కష్టం. కాబట్టి మాకు తగినది అండమానే, కాకపోతే ఫిబ్రవరిలో. స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ ఒడ్డున ఇసుక మెత్తగా, నడవడానికి అనువుగా ఉంటుందట. ఆమెకు అదే కావాలి. ముప్పై ఏళ్ల పండగ ఆరు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదని ఆమే అంది.

అందువల్ల నా ప్రయాణాన్ని పైసా కోత లేకుండా ఫిబ్రవరికి మార్చండి. పూలు, కేకు తీసేసి ఆ డబ్బుతో పడవలెక్కే జెట్టీకి దగ్గరలో కింది అంతస్తులో గది ఇవ్వండి. అంతకంటే ముఖ్యంగా, ఏప్రిల్ 11న నేను అడిగిన ప్రశ్నకు మీ సంస్థలో బాధ్యత గల మనిషి ఎవరో ఒకరు తన పేరు రాసి, సంతకం పెట్టి జవాబు పంపాలి. జవాబు నాకు ఇప్పుడు తెలుసు. అయినా మీ చేతితో కావాలి.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో నమోదు చేయిస్తాను. అక్కడితో ఆగను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మీ కార్యాలయం ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. వకీలు అవసరం లేదు, నా హాజరు పట్టీ చాలు. పదిహేడు ఫోన్లు, టోకెన్ అరవై మూడు, పరిష్కారమైందన్న ఆ సందేశం, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. గడ్చిరోలి మాకు దూరమే, రోడ్డు కూడా బాగుండదు. అయినా ప్రతి వాయిదాకు వస్తాను. పదవీ విరమణ చేసినవాణ్ణి, నాకు తీరిక ఉంది. మీ దగ్గరికి పంపిన ఆ ఆరు కుటుంబాలకూ ఈ ఉత్తరం నకలు ఇస్తున్నాను.

నా భార్య మంచిర్యాలలో ఇసుకలో నడవడానికి రబ్బరు చెప్పులు కొనుక్కుంది. వాటిని ఇంకా తొడుక్కోలేదు. వారానికోసారి పెట్టెలోంచి తీసి చూసి మళ్లీ అందులోనే పెడుతుంది.

నాకు ఫోను చేయవద్దు. ఉత్తరం రాయండి.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, సిరోంచ

జతపరచినవి: బయానా రసీదు నకలు, హాజరు పట్టీలోని నాలుగు పుటల నకళ్లు, టోకెన్ చీటీ.