మైదానం మళ్ళీ చదివాన్రా

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకుంటూ ఉంటావు. తప్పు నాది కాదు, చలానిది. మొన్న అటక సర్దుతుంటే మన డిగ్రీనాటి చలం నవల 'మైదానం' దొరికింది. పైన వేసిన న్యూస్‌పేపర్ అట్ట ఇంకా ఉంది, అంచులు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. దాని మీద నువ్వే పెద్దక్షరాలతో 'అకౌంటెన్సీ' అని రాశావు, గుర్తుందా? మా నాన్న ఓసారి చేతిలోకి తీసుకుని, "బాగా చదువు" అని తిరిగి ఇచ్చేశారు కూడా!

అప్పుడు మనం చదివిందేముంది? ప్లీడరుగారి భార్య రాజేశ్వరి అమీర్ వెంట వెళ్ళిపోవడం, ఆ ఏరు, ఆ గుడిసె. ఆ పేజీలే నలిగిపోయాయి, మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి. చూసి సిగ్గేసింది. 1927 నాటి నవల. తనను 'లేచిపోయింది' అంటే కష్టంగా ఉంటుందని మొదట్లోనే అంటుంది రాజేశ్వరి. మనూళ్ళో ఇప్పటికీ ఆ మాటని అదే ఎకసెక్కంతో వాడుతున్నారు కదరా. ఇంత గొడవ రేపిన చలం 1950లో అరుణాచలం వెళ్ళి రమణాశ్రమం దగ్గర ఉండిపోయి, 1979లో అక్కడే పోయాడంటే అప్పట్లో మనం నమ్మలేదు.

ఈసారి నన్ను వదలనిది మాత్రం కడుపు సంగతి. మొగుడూ, ఇల్లూ, కులం అన్నీ వదిలేసి వచ్చిందా మనిషి. ఆమెను కడుపు తీయించుకోమని పట్టుబట్టేది అమీరే! మనకి వాడు హీరో. నువ్వైతే గడ్డం కూడా పెంచావు. ఇప్పుడు చదువుతుంటే ప్లీడరుకీ వాడికీ తేడా వెతుక్కోవాల్సి వచ్చింది. చలం ఇదంతా తెలిసే రాశాడని నాకనిపిస్తుంది. మా ఆవిడ ఒప్పుకోదు. రెండు రోజుల్లో చదివేసి, పుస్తకం సోఫాలో పడేసి, "వాడేం చేసినా ఈవిడ వెనకేసుకొస్తూనే ఉంది. స్వేచ్ఛంటే ఇదే అయితే నాకొద్దు" అంది. వంటింట్లోకి వెళ్ళినామె మళ్ళీ గుమ్మం దగ్గరకొచ్చి, "ఏటి దగ్గర ఉన్నన్నాళ్ళూ మాత్రం బాగుంది" అంది.

దీనికి జవాబుగానే విశ్వనాథ సత్యనారాయణగారు 'చెలియలికట్ట' నవల రాశారంటారు కదా, నీ దగ్గరుంటే పంపు. అదీ చదువుతానంటోంది.

పుస్తకం ఇప్పుడు మా అమ్మాయి టేబుల్ మీదుంది. ఇంటర్ సెకండియర్. నిన్న ఆ 'అకౌంటెన్సీ' అట్ట తీసేద్దామని చెయ్యి పెట్టి, ఎందుకో మళ్ళీ అలాగే ఉంచేశాను.

నీ
సూరి