దాచుకునే జబ్బు కాదురా అది

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. మేస్త్రీ గొడవా, హైదరాబాద్‌లో రూము అద్దెలూ అన్నీ రాసి, అడుగున చిన్న అక్షరాలతో "కుడివైపు వృషణం వాచింది, నొప్పి లేదు, ఎవరికీ చెప్పకు" అన్నావు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది విను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి వరిబీజంలా ఉంది. మన నరసన్నపేట వైపు ఇదేం కొత్త కాదు కదా. మా చిన్నాన్న గుర్తున్నాడా? పంచె వదులుగా కట్టుకుని, పెళ్లిళ్లలో పంక్తిలో కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడేవాడు. అడిగితే నడుం నొప్పి అనేవాడు. ఏళ్ల తరబడి అలాగే మోశాడు. చివరికి బతిమాలి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి, అదే రిమ్స్‌కి, తీసుకెళ్లాను. డాక్టరుగారు గదిలో లైటు ఆపేసి, వాపు వెనకాల చిన్న టార్చి పెట్టారు. మొత్తం ఎర్రగా వెలిగింది! లోపలున్నది నీరు కాబట్టి వెలుతురు దాటుతోంది, గడ్డయితే దాటదు అన్నారు. చిన్నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ లోపల ఏదో కుళ్లిపోతోందనుకున్నాడట.

వృషణం చుట్టూ రెండు పొరలుంటాయి, మధ్యలో కాస్త తడి. అక్కడ నీరు ఎక్కువగా చేరితే అదే వరిబీజం. మన జిల్లాల్లో దీనికి పాత కారణం ఫైలేరియా, బోదకాలు తెచ్చే పురుగే. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ ఎక్కిస్తుంది, ఏళ్లు గడిచాక ఇలా బయటపడుతుంది. ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి ఈ పురుగు పని పట్టే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలిస్తే మింగకుండా పారేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయితే ఒకసారి ఇంత నీరు చేరాక మాత్రలతో పోదు. సూదితో తీయిస్తే మళ్లీ ఊరుతుంది. ఆపరేషనే దారి. నడుముకి మత్తిచ్చి, నీరు తీసేసి, పైపొరని కత్తిరించో తిరగేసో కుట్టేస్తారు. మగతనం పోతుందని ఊళ్లో అనేది శుద్ధ అబద్ధం. మగ హార్మోను తయారయ్యేది వృషణంలో, వాళ్లు చెయ్యి వేసేది పైపొర మీద.

కానీ నేను డాక్టర్ని కాను, వాపులన్నీ ఒకటీ కావు. దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోతే హెర్నియా కావచ్చు. నొప్పి లేకుండా గట్టి గడ్డ తగిలితే క్యాన్సరేమోనని చూడాలి. 15 నుంచి 35 ఏళ్ల మధ్య కుర్రాళ్లలోనే అది ఎక్కువ, తొందరగా పట్టుకుంటే నయమైపోతుంది. ఉన్నట్టుండి భరించలేని నొప్పొస్తే మాత్రం వృషణం మెలిపడిందేమో. 6 గంటలు దాటితే దాన్ని దక్కించుకోవడం కష్టం. అర్ధరాత్రైనా సరే, ఆటో ఎక్కెయ్.

ఇప్పుడు టెన్షన్ పడకు. అక్కడే స్కానింగ్ తీయించుకుంటే మంచిదే. లేదంటే రైలెక్కి శ్రీకాకుళం రోడ్‌లో దిగు, బండి తీసుకుని నేనొస్తా. సంక్రాంతి దాకా ఆగుతానంటే ఒప్పుకోను. మీ అమ్మకి నేను చెప్పనులే. చెల్లెమ్మకి మాత్రం నువ్వే చెప్పు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు సిమెంటు బస్తా ముట్టుకోకూడదు, ఆమెకి తెలియకుండా ఎలా కుదురుతుందిరా?

నీ
అప్పలరాజు